మ్యూజియంలో మార్నింగ్ షో!

పెర్కిట్ వెళ్ళాలంటే ఎవరినీ దారి అడగనక్కర్లేదు. నాగపూరు నుంచి హైదరాబాదుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారీ, నిజామాబాదు నుంచి జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారీ కలుసుకునే చోట బస్సు దిగండి, చాలు. మాఘ ఫాల్గుణ మాసాలైతే ఆ మాత్రం కూడా అక్కర్లేదు. ముక్కే చెబుతుంది... ఉడికిన పసుపు వాసన! కల్లాల్లో, ఖాళీ జాగాల్లో, రోడ్డు వారన ఎక్కడ చూసినా ఆరబోసిన పసుపే. అల్లంత దూరాన ఆర్మూరు సిద్ధుల గుట్ట బండలు, ఇటు కాళ్ళ దగ్గర ఈ పచ్చటి పరుపు. కలర్ పిక్చరు తీసేవాళ్ళు సెట్టింగు వేయించుకునే పనిలేని ఊరండీ ఇది!

తవ్విన పసుపును ఉడకబెట్టాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టాలి. కొమ్ములు వేరు, మండలు వేరు చేసి బస్తాలకెత్తితే నిజామాబాదు మార్కెట్ యార్డుకు ప్రయాణం. జూన్‌లో పెట్టిన పంటకు మళ్ళీ వేసవి ముంగిట గాని డబ్బు కంటబడదు. కంటబడ్డ వారం మాత్రం ఇంటిల్లిపాదీ సినిమాకు పోవాల్సిందేనని ఒక పెద్దాయన చెప్పాడు. న్యాయమే కదా!

చౌరస్తాలో టీ తాగుతూ ఉండగా ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళతో మాట కలిసింది.

"ఏ పిక్చరుకు తమ్ముడూ ప్రయాణం?" అన్నాను.

"ఆర్మూర్ల చూద్దుమా, నిజామాబాద్ వోదుమా అని ఆలోచన జేస్తున్నం సార్."

"ఎప్పుడైనా మ్యూజియంలో సినిమా చూశారా?"

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. "మ్యూజియంల సిన్మా ఏంది సార్! ఆడ గడియారం గద జూస్తరు!"

నవ్వితే నవ్వారు గానీ, కుర్రాళ్ళు తెలియకుండానే అసలు విషయం మీద వేలు పెట్టారు. ఆ గడియారంతోనే మొదలుపెడదాం.

హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం చూడని స్కూలు పిల్లలు మన జిల్లాల్లో తక్కువ. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ గారు ప్రారంభించారు దాన్ని. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. లోపల ఇటాలియన్ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెకా ఉంది. పాలరాతిలోంచి ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది చూడండి, ఏ హీరోయిన్‌కు ఏ కెమెరామన్ అలాంటి క్లోజప్ పెట్టగలడు! అయినా జనం ఎక్కువసేపు నిలబడేది రెబెకా ముందు కాదు. గంట కొట్టే గడియారం ముందు.

ఆ దృశ్యం ఎప్పుడైనా జనం వైపు తిరిగి చూడండి. వరసలు వరసలుగా కూర్చుంటారు. చిన్నపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటారు. నిమిషాలు దగ్గర పడేకొద్దీ గుసగుసలు ఆగిపోతాయి. తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చి సుత్తితో గంట కొడుతుంటే అందరూ లోలోపల లెక్కపెడతారు. మధ్యాహ్నం పన్నెండింటికైతే హౌస్‌ఫుల్... పన్నెండు దెబ్బలు కొడుతుంది కదా మరి! ఇది ఆట కాక మరేమిటండీ? అన్నట్టు, ఈ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సినిమా హాళ్ళకు పండగైన రోజే దీనికి సెలవు కావడం నాకెప్పుడూ తమాషాగానే ఉంటుంది.

అంటే మ్యూజియంలో ప్రేక్షకులు ఉన్నారు. ఆట చూద్దామన్న ఆత్రం ఉంది. మరి తెర ఎక్కడ? పాట ఎక్కడ? బొమ్మ గీసినవాడు మన ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పేది ఎక్కడ?

ఈ మూడూ కలిపి ఒకే కప్పు కింద పెట్టాలని ఒకాయనకు హైదరాబాదులోనే కోరిక పుట్టింది. ఆయన ఎం.ఎఫ్. హుస్సేన్. తెల్ల గడ్డం, చెప్పుల్లేని కాళ్ళు, చేతిలో బారెడు కుంచె. ఫొటో చూడని వాళ్ళుండరు. కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి బతికిన మనిషి. ఆ రుణం జీవితాంతం మరిచిపోలేదు. 1967లో ఆయన తీసిన లఘు చిత్రం 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' బెర్లిన్ చిత్రోత్సవంలో బంగారు ఎలుగుబంటి గెలుచుకుంది. తరవాత మాధురీ దీక్షిత్ మీద ఆయనకెంత అభిమానమో దేశమంతా కోడై కూసింది. 'హమ్ ఆప్ కే హై కౌన్' లెక్కలేనన్ని సార్లు చూసి, చివరికి ఆమెనే నాయికగా పెట్టి 2000లో 'గజగామిని' తీశాడు. మన పాఠకుల్లో ఇంతటి ఫ్యాన్ ఎవరైనా ఉంటే చేయెత్తండి!

ఆ హుస్సేనే గత శతాబ్దం ముగిసేవేళ హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఒక ఇల్లు కట్టించి 'సినిమా ఘర్' అని పేరు పెట్టాడు. అందులో చిత్రాల గ్యాలరీ ఒకటి, పట్టుమని కొద్దిమంది కూర్చునే చిన్న సినిమా హాలు ఒకటి. ప్రారంభోత్సవం ఎవరి చేత చేయించి ఉంటాడో నేను చెప్పాలా? మాధురే! గోడ మీద బొమ్మ చూసి, పక్కగదిలో తెర మీద కదిలే బొమ్మ చూసి, అదృష్టం బాగుంటే గీసినాయన్నే పలకరించి రావచ్చు. ఈ దేశంలో ఒక చిత్రకారుడు సినిమాకు కట్టిన గుడి అది. తరవాత కాలం కలిసి రాలేదు. ఆయన బొమ్మల మీద గొడవలు, కేసులు ముదిరి 2006లో దేశం విడిచి వెళ్ళిపోయాడు. 2011 జూన్‌లో లండన్‌లో కన్నుమూశాడు. సినిమా ఘర్ తలుపులు ఇప్పుడు మనకోసం తెరిచి లేవు.

కానీ హుస్సేన్ హైదరాబాదులో చేసిన పనుల్లో నాకు సినిమా ఘర్ కన్నా ఎక్కువ నచ్చేది ఇంకొకటుంది. రామ్ మనోహర్ లోహియా మాట మీద, బద్రీవిశాల్ పిత్తీ గారి అండతో, రామాయణం బొమ్మలు వేశాడు. ఒకటీ రెండూ కాదు, ఏళ్ళ తరబడి సుమారు 150. వాటిని ఏ పెద్ద హోటల్లోనో ప్రదర్శించి ఊరుకోలేదు. ఎడ్లబండ్ల మీద హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్ళి పరిచి చూపించామని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. పల్లె జనం ఒక్కో బొమ్మా చూశారట. గుర్రాలు ఇలా ఉన్నాయేమిటి, రాముడికి ఆ రంగేమిటి అని ఒక్కరూ అడగలేదట! పసుపు బస్తాలు మోసిన బండ్లలాంటి బండ్లే మ్యూజియాన్ని కూడా మోశాయన్న మాట.

ఇంతకీ ఈ మ్యూజియం, సినిమా కలగలుపు మనవాళ్ళ సరదాయేనా, లోకంలో ఎక్కడైనా పనికొచ్చిందా అంటారా? 1955 సంవత్సరానికి వెళదాం. ఊరు న్యూయార్కు. అక్కడ 1929లో పుట్టిన మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అనే కళాభవనం ఉంది. సినిమా కూడా చిత్రలేఖనంలాగే దాచుకోదగ్గ కళ అని గుర్తించి 1935లోనే ఫిల్మ్ లైబ్రరీ పెట్టిన చోటు. మనవాళ్ళింకా మాటలొచ్చిన బొమ్మను చూసి ముచ్చటపడుతున్న రోజులవి, గుర్తుంచుకోండి!

1955 ఏప్రిల్‌లో ఆ మ్యూజియం భారతదేశపు బట్టలు, నగలు, చేతిపనులతో పెద్ద ప్రదర్శన పెట్టింది. గోడలకు చీరలు వేలాడదీసి ఊరుకుంటే సరిపోదు, ఆ చీరలు కట్టుకునే దేశం పాడుతుంది, ఆడుతుంది, దాన్నీ చూపించాలి అనుకున్నారు. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ పూనుకోగా సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ మొదటిసారి అమెరికాలో అడుగుపెట్టారు. తబలా చతుర్‌లాల్. మెనూహినే శ్రోతలకు పరిచయం చేస్తూ మాట్లాడాడు. శాంతారావు గారి నృత్యం కూడా ఏర్పాటు చేశారు.

మరి సినిమా? అసలు కథ ఇక్కడుంది. అంతకు ముందు ఏడాది ఆ మ్యూజియం తరఫున మన్రో వీలర్ అనే ఆయన ప్రదర్శన పనిమీద కలకత్తా వచ్చాడు. అక్కడ ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు గీసే పొడుగాటి యువకుడు, డబ్బులు చాలక ఆగిపోయి, మళ్ళీ కదిలి, మళ్ళీ ఆగుతున్న తన మొదటి చిత్రం స్టిల్సు చూపించాడు. వీలర్ ముచ్చటపడి, ఇది పూర్తి చేయగలిగితే మా మ్యూజియంలో వేస్తామన్నాడు. ఆ మాటకు ఎంత బలముందో చూడండి! బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. గడువు ముంచుకొస్తుంటే కుర్రాళ్ళు ఎడిటింగు గదిలో రాత్రింబవళ్ళు పనిచేసి ప్రింటును విమానం ఎక్కించారు. సబ్‌టైటిల్స్ వేసే తీరిక కూడా లేదు. 1955 మే 3న ఆ మ్యూజియంలో, బెంగాలీ ముక్క తెలియని ప్రేక్షకుల ముందు, ఆ చిత్రం మొట్టమొదటిసారి తెర మీద పడింది.

ఆ యువకుడు సత్యజిత్ రాయ్. ఆ చిత్రం 'పథేర్ పాంచాలి'. కలకత్తా హాళ్ళలో విడుదలైంది ఆ తరవాత ఆగస్టులో. 1956లో కాన్ చిత్రోత్సవం దాన్ని మానవ జీవిత పత్రంగా గుర్తించి బహుమతి ఇచ్చింది. భారతీయ సినిమాను ప్రపంచం వైపు తిప్పిన బొమ్మ తొలి ఆట పడింది సినిమా హాల్లో కాదండీ, మ్యూజియంలో! ఏ డిస్ట్రిబ్యూటరూ ముందుకు రాని రోజుల్లో, చీరలు వేలాడదీసిన గోడల పక్కన!

అందుకే ఆ కుర్రాళ్ళ నవ్వుకు నేను నొచ్చుకోలేదు గానీ, ఈ కథ వాళ్ళకు చెప్పకుండా వదిలిపెట్టనూ లేదు. విని, వాళ్ళలో ఒకడు, "మరి మనకాడ అసొంటియి లేవా సార్?" అన్నాడు.

లేకేం! వాళ్ళ తాతల కాలానికే ఉన్నాయి. ఆర్మూరు ప్రాంతంలో పద్మశాలీలు బాగా ఉన్నారు కదా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు ఉన్నారు. వాళ్ళు చంకన ఒక పొడవాటి గుడ్డ చుట్ట పెట్టుకుని వస్తారు. దాని మీద కథంతా బొమ్మలుగా నకాషీలు వేసి ఇచ్చి ఉంటారు. ఇప్పుడు చేర్యాల బొమ్మలంటే అందరికీ తెలిసిన పనితనం అదే. మూడు అడుగుల వెడల్పు, పొడవు మాత్రం పదుల అడుగులు. ఎర్రటి నేల మీద ఒక వరస కింద ఒక వరసగా దృశ్యాలు. రాత్రి పూట దీపం పెట్టి చుట్టను విప్పుతూ, ఒక్కో దృశ్యాన్నీ చూపిస్తూ, పాడుతూ, మధ్యలో ఆగి మాట్లాడుతూ కథ నడిపిస్తారు. ఫిల్మ్ రీలును ఎప్పుడైనా నిలువుగా పట్టుకుని వెలుతురుకెత్తి చూశారా? గడి కింద గడి, గడి కింద గడి... ఈ పటం అచ్చంగా అదే! బొమ్మ, పాట, కళాకారుడి మాట మూడూ ఒకేచోట. పైగా కథ మధ్యలో ముసలమ్మ లేచి "ఆగు బిడ్డా, గాయిన ఎవరు?" అని అడిగితే ఆగి చెప్పేవాళ్ళు.

సినిమా వచ్చాక బొమ్మ పెద్దదైంది, పాట గొప్పదైంది. ఆ ముసలమ్మ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పేవాడు లేకుండా పోయాడు. తెర మీద హీరోను నువ్వేమడిగినా వాడి డైలాగు వాడిదే. నాకు మ్యూజియం ప్రదర్శనల మీద ఇంత మోజు ఎందుకంటే అందుకే. అక్కడ ఆట అయ్యాక దీపాలు వెలిగిస్తారు. తీసినవాడో గీసినవాడో ముందుకొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. నువ్వు లేచి అడగవచ్చు.

హైదరాబాదులో ఇలాంటి చోట్లు వెతుక్కుంటే దొరుకుతాయి. మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు అదే ముఖ్య వేదిక. దేశదేశాల ఫొటోలు గోడల మీద, తీసినవాళ్ళ మాటలు హాల్లో. ప్రవేశం ఉచితం. కెమెరామన్ కావాలని కలలు కనేవాళ్ళు నెలకు పది సినిమాలు చూసేదానికన్నా అక్కడ ఒక పూట గడిపితే ఎక్కువ నేర్చుకుంటారని నా అభిప్రాయం. కోపం వస్తే ఉత్తరం రాయండి.

రవీంద్రభారతి మ్యూజియం కాదు. 1961 నుంచి మన నాటకాలకు, సభలకు పుట్టిల్లు. అయితే ఆ ఆవరణలో ఒక ఆర్ట్ గ్యాలరీ, పైడి జైరాజ్ పేరు మీద ఒక ప్రివ్యూ థియేటరు రెండూ ఉన్నాయి. జైరాజ్ ఎవరనుకున్నారు? కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి వెళ్ళి మూకీల నాటి నుంచి హీరో వేషాలు వేసి, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న మనవాడు. ఆ థియేటర్లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో 'సినివారం' అని మొదలుపెట్టింది. శనివారం నాడు కొత్తవాళ్ళ చిన్న చిత్రాలు వేయడం, ఆట అయ్యాక తీసినవాళ్ళతో ముఖాముఖి. సెల్‌ఫోనుతో తీసిన పది నిమిషాల బొమ్మను కూడా నిజమైన తెర మీద, చీకటి హాల్లో, తెలియనివాళ్ళ మధ్య కూర్చుని చూసుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి! అరచేతిలో వెయ్యిమంది చూసినా ఆ గుండెదడ రాదు.

కళాకారుడి ముందు నోరు పెగలదంటారు చాలామంది. పెగులుతుంది. 'మీ సందేశం ఏమిటి' అని మాత్రం అడగకండి. పాపం, ఆయనకూ తెలియకపోవచ్చు. 'ఈ షాటు ఇంతసేపు ఎందుకు ఉంచారు?', 'ఈ మూల నలుపు ఎందుకు వేశారు?' అని అడగండి. అలాంటి ప్రశ్నకు ఎంత పెద్దవాడైనా కుర్చీలో ముందుకు జరిగి జవాబు చెబుతాడు. ఇంకో మాట. సంగీతం జరుగుతుంటే ఈలలు వద్దు. అవి మన హాళ్ళకు దాచుకుందాం!

సరే, చిక్కు ఎక్కడుందో చెప్పనివ్వండి. పెర్కిట్ నుంచి హైదరాబాదు సుమారు 180 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటి ప్రదర్శన చూసి, ముఖాముఖి విని, బస్సెక్కితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ ముగ్గురు కుర్రాళ్ళు పోతే పోగలరు. మరి వాళ్ళ చెల్లెళ్ళు? టీ కొట్టు పక్కన బస్సు కోసం నిలబడి మా మాటలు వింటున్న ఒక డిగ్రీ అమ్మాయి ఆ మాటే అంది. "మంచిగనే జెప్పిన్రు సార్. మమ్ముల ఎవరు వంపుతరు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయికి బొమ్మలు గీయడం వచ్చట. తాను గీసినవి గోడకు పెట్టగా ఇంతవరకు తన కంటితో చూసుకోలేదట.

అందుకని నేను అట్నుంచి అటే నిజామాబాదు బస్సెక్కాను. దూరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ తిలక్ గార్డెన్‌లో 2001లో తెరిచిన జిల్లా పురావస్తు మ్యూజియం ఉంది. శిల్పాలు, కంచు బొమ్మలు, పాత ఆయుధాలు, బిద్రీ సామాను. చుట్టూ తోట, చెట్ల నీడ. జనం గాలి పీల్చుకోవడానికి వచ్చే చోటే కనుక కొత్తగా దారి అలవాటు చేయాల్సిన పనికూడా లేదు. లోపల నల్లటి బిద్రీ మీద వెండి తీగ మెరుస్తుంటే నాకు బ్లాక్ అండ్ వైట్ సినిమా గుర్తుకొచ్చింది. ఇక్కడ నెలకొక సాయంత్రం తెల్లగుడ్డ ఒకటి కడితే ఏమవుతుంది?

పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు, యాభై కుర్చీలు, అధికారుల అనుమతి. జిల్లా ఊళ్ళో ఇది సాగుతుందా అంటే, పక్కనున్న కరీంనగర్ ఫిల్మ్ సొసైటీని చూడండి. రాజధానికి దూరంగా ఉండి కూడా మంచి సినిమాలు వేసి వేసి, చివరికి సొంతంగా ఫిల్మ్ భవన్ సంపాదించుకుంది. కళాకారులను ఎక్కడినుంచో తేనక్కర్లేదు. గోదావరి దాటితే నిర్మల్. కొయ్యబొమ్మలకు ప్రాణం పోసే చిత్రకారులు అక్కడే ఉన్నారు. పటం కథ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మొదటి సాయంత్రానికి బొమ్మ కూడా నేనే ఎంచిపెట్టాను. బి. నరసింగరావు గారి 'రంగుల కల', 1983 నాటిది. హైదరాబాదులో బతుకుతున్న ఒక చిత్రకారుడి కథ. స్వయంగా చిత్రకారుడైన ఆయనే తీసి, ఆయనే ఆ వేషం వేశారు. ముందు కూనపులివారి పాట ఒక అరగంట, తరవాత బొమ్మ, ఆపైన నిర్మల్ నుంచి వచ్చినాయన మాట. హాలు బయట వరండా గోడకు పెర్కిట్ అమ్మాయి గీసిన నాలుగు బొమ్మలు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ఏడు లోపు అయిపోతుంది. ఆ వేళకు ఆర్మూరు బస్సులు ఉంటాయి, కనుక్కున్నాను.